సగం తలనొప్పికి పూర్తి ఫారం

మా ఆఫీసులో ఫారం లేని పని లేదు. ఇది గొప్పకి చెప్పడం కాదు, మా పనే అది. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా నింపాల్సిన దరఖాస్తులన్నీ కాకినాడలో ఉన్న మా దరఖాస్తు పత్రాల ముద్రణ సంస్థలోనే అచ్చవుతాయి. పుట్టినవాడికి ఒకటి, పోయినవాడికి ఒకటి, పోయాడనుకుని పింఛను ఆపేస్తే "నేను పోలేదు మొర్రో" అని మొత్తుకునేవాడికి ఇంకొకటి. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ఫారాల ఆఫీసు అంటారు. మా జనరల్ మేనేజరు అనంతరామయ్య గారు మాత్రం ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య వారధి అంటారు. వారధి మీద గళ్ళు కాస్త ఎక్కువ, అంతే.

నేనక్కడ కాపీ హోల్డర్ని. అంటే రాతప్రతి చేత్తో పట్టుకుని పైకి చదివేవాణ్ణి. నేను చదువుతుంటే ప్రూఫ్ రీడరు సుభాషిణి గారు అచ్చుకాగితం మీద ఎర్రపెన్ను ఆనించుకుని సరిచూస్తారు. మామూలుగా చదివితే చాలదు. కామాలు, చుక్కలు, బ్రాకెట్లు కూడా నోటితో చెప్పాలి. "దరఖాస్తుదారు పేరు, బ్రాకెట్, ఇంటిపేరుతో సహా, బ్రాకెట్ ముగింపు, గీత" అని పదకొండేళ్ళుగా చదివీ చదివీ, ఇంట్లో మా ఆవిడతో కూడా "కాఫీ ప్రశ్నార్థకం" అనే దశకి వచ్చాను. ఆవిడ కూడా "లేదు, ఫుల్‌స్టాప్" అనడం నేర్చుకుంది.

మా ప్రెస్సులో పాత నియమం ఒకటుంది. కాపీలో ఏముందో ప్రూఫులో అదే ఉండాలి. కాపీలో తప్పుంటే ఆ తప్పూ ఉండాలి. సుభాషిణి గారికి ఈ నియమమంటే ఒళ్ళుమంట. అలాగని నియమం తప్పరు. కాకపోతే కాపీలో అబద్ధం కనిపిస్తే మార్జిన్లో ఎర్రటి ప్రశ్నార్థకం పెట్టకుండా వదలరు. ఒకసారి వితంతు పింఛను ఫారంలో "భర్త సంతకం" అని ఒక గడి వచ్చింది. దాని పక్కన ఆవిడ పెట్టిన ప్రశ్నార్థకం వేలెడు పొడవుంది. పైవాళ్ళు చూసి "కాపీ ప్రకారమే అచ్చు వేయవలెను" అని రాశారు, వేశాం. ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం కూడా ఆవిడ టేబులు మీదుగా గుర్తు పడకుండా దాటిపోలేదు.

అలాంటి మనిషికి తలనొప్పి. ఎండలో తిరిగితే వచ్చి, పడుకుంటే పోయే రకం కాదు. పార్శ్వపు నొప్పి. కుడికన్ను వెనక మొదలై కణత మీదుగా మెడదాకా దిగుతుంది. నెలకి ఐదారుసార్లు వస్తుంది. వచ్చే ముందు ఓ ఇరవై నిమిషాలు కళ్ళముందు వంకరటింకర మెరుపులు ఆడతాయిట, పేజీలో సగం అక్షరాలు మాయమవుతాయిట. ఆ తర్వాత వాంతులు. వెలుగు చూడలేరు, చప్పుడు భరించలేరు. పక్కన కాగితం తిప్పినా "నెమ్మదండీ" అంటారు. రోజంతా కాగితాలు తిప్పితేనే జీతమిచ్చే చోట ఇది ఎంత నరకమో నేను కళ్ళారా చూశాను. పదకొండేళ్ళలో నేను ఆవిడ ముఖం పూర్తిగా చూసింది తక్కువ. సగం ఎప్పుడూ అరచేతి వెనకే ఉండేది.

తలనొప్పి అన్నాక వైద్యులకి కొదవేముంది. బైండింగు సెక్షనువాళ్ళు శొంఠి అరగదీసి పట్టు వెయ్యమన్నారు. కంపోజింగువాళ్ళు కాఫీ మానెయ్యమన్నారు. డెస్పాచివాళ్ళు కాఫీ రెట్టింపు చెయ్యమన్నారు. ఒకావిడ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. సుభాషిణి గారు అన్నీ చేశారు పాపం, కాఫీ మానడం, రెట్టింపు చెయ్యడం రెండూ వారం తేడాలో చేశారు. "మీరు ఎక్కువ ఆలోచిస్తారండీ, అదీ జబ్బు" అని మా సూపరింటెండెంటు కూర్మారావు గారు తేల్చేశారు. ఆయనకి జన్మలో తలనొప్పి రాలేదుట. కాబట్టి ఆ మాటలో ఎంతోకొంత నిజముందేమో అని నాకూ అనిపించింది.

చివరికి ఆవిడ నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన అన్నీ అడిగి, ఆఖర్న "మీ సీటు పైన ఏముంది?" అన్నాట్ట.

ఉన్నది ట్యూబ్ లైటు. ఒక పట్టీకి రెండు ట్యూబులు. ఒకటి బుద్ధిగా వెలుగుతుంది. రెండోది వెలగనా మాననా అని ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా కొట్టుకుంటూ ఉంటుంది. సీటు పక్కనే నిలువెత్తు కిటికీ, పగలు అక్కడ దీపమే అక్కర్లేదు. కానీ హాల్లో ఎనిమిది లైట్లకీ ఒకటే స్విచ్చి. సీటు మారుద్దామంటే, సీటు మారితే సెక్షను మారినట్టని రూలు.

"ముందు ఆ కొట్టుకునే లైటు తీయించండి. ఈ నొప్పి మాత్రలు ఇలాగే మింగుతూ పోతే తల సంగతి తర్వాత, కడుపు పోతుంది" అన్నాట్ట డాక్టరు.

ఆవిడ ఎలక్ట్రీషియన్ మస్తాన్ని పిలిచారు. మస్తాన్ మెడ పైకెత్తి చూసి, "స్టార్టరు పోయిందండమ్మా. మారిస్తే నిమిషం పనండి. స్టోర్లో లేవండి, ఇండెంటు పెట్టి రెండేళ్ళయిందండి" అన్నాడు.

"నేను కొనుక్కొస్తాలే మస్తాన్."

ఈ మాట అవతల గదిలో ఉన్న కూర్మారావు గారి చెవిన పడింది. పరుగున వచ్చారు. "ప్రభుత్వ ట్యూబుకి ప్రైవేటు స్టార్టరా అమ్మా! రేపు ఆ వెలుగు ఎవరిదన్న ప్రశ్న తలెత్తితే ఎవరు జవాబు చెప్తారు?"

"పోనీ, ఊడదీసి పక్కన పెడితే?" అన్నాను నేను.

మస్తాన్ చెవులు పట్టుకున్నాడు. "బాబోయ్, స్టాకు రిజిస్టర్లో ఉందండి. పోయినేడు దుమ్ము తుడుద్దామని దింపితే మూడు నెలలు సంజాయిషీ రాశానండి, ఆయ్."

మర్నాడు సుభాషిణి గారు గొడుగు తెచ్చుకుని, విప్పి, దాని కింద కూర్చుని ప్రూఫు చూశారు. ఆ రోజు నొప్పి రాలేదు. సాయంత్రానికి మెమో వచ్చింది. "కార్యాలయపు పైకప్పు కారుచున్నదన్న అపోహను చూపరులలో కలిగించినందుకు ఏల చర్య తీసుకొనరాదు" అని. మా సెక్షనుకి చూపరులు ఎవరూ రారు. అయినా ఆవిడ గొడుగు ముడిచేశారు. ముడిచి, ఒక తెల్లకాగితం తీసుకుని ఒకే ఒక వాక్యం రాశారు: "నా సీటు పైన కొట్టుకుంటున్న ట్యూబ్ లైటు తీయించవలసిందిగా కోరుతున్నాను."

ఆ రోజే నాకు సొరుగు తీసి ఇంకో కాగితం చూపించారు. స్వచ్ఛంద పదవీ విరమణ కోరుతూ రాసిన ఉత్తరం. తేదీ ఒక్కటే లేదు.

"మార్చి నెలాఖరు దాకా చూస్తానండీ. లైటు తీశారా, సరే. లేదా, తేదీ వేసి ఇచ్చేస్తాను."

"ఇంకా ఆరేళ్ళ సర్వీసుందండీ మీకు."

"ఆరేళ్ళూ తల ఉండాలి కదండీ."

ఆవిడకి ఈ పనంటే ప్రాణం. ఆవిడ పోతే ఆ కుర్చీలోకి ఎవరో ఒకరు వస్తారు, ప్రశ్నార్థకాలు పెట్టనివాళ్ళు వస్తారు. నా సంగతి సరేసరి, ప్రూఫ్ రీడరు లేని కాపీ హోల్డరంటే గదిలో ఒక్కడే కూర్చుని కామాలు చదువుకునే మనిషి. మార్చి దాకా ఉన్న ఆ నాలుగు నెలలూ నాకు బెంగగానే గడిచింది.

కూర్మారావు గారు ఆ తెల్లకాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి ఫారం లేదమ్మా" అన్నారు.

"అందుకే తెల్లకాగితం మీద రాశానండి."

"తెల్లకాగితమా! ఫారాల సంస్థలో జీతం తీసుకుంటూ తెల్లకాగితం మీద దరఖాస్తా? బయటికి తెలిస్తే మనల్ని నమ్మి ఎవరైనా ఫారం నింపుతారా?"

ఆ కాగితం అక్కడే ఆగిపోయేదే. అయితే ఆ ఏడాదిని హెడ్డాఫీసువాళ్ళు ఉద్యోగుల సౌఖ్య సంవత్సరంగా ప్రకటించారు. ప్రతి యూనిట్టూ మార్చి ముప్ఫై ఒకటిలోగా ఒక సౌఖ్య విజయం నివేదించాలి. అనంతరామయ్య గారు అప్పటికే నవ్వుతున్న పొద్దుతిరుగుడు పువ్వుల పటాలు నాలుగు గోడలకి పెట్టించారు. రోజూ పొద్దున్న పదినిమిషాలు మిషను హాల్లో, మిషన్లు తిరుగుతుండగానే, అందరిచేతా దీర్ఘశ్వాసలు తీయించారు. సిరా వాసన బాగా లోపలికి వెళ్ళడం తప్ప విజయం కనపడలేదు. అలాంటి సమయంలో సుభాషిణి గారి కాగితం ఆయన కంటపడింది.

"కూర్మారావు గారూ, తలనొప్పి! ఇంట్లో తలనొప్పి పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నామండీ!" అని లేచి నిలబడ్డారు.

"లైటు తీయించమంటారాండి?" అన్నారు కూర్మారావు గారు, అయిష్టంగా.

"ఒక లైటు తీస్తే ఒక ఉద్యోగికి మేలు. ఒక విధానం తీసుకొస్తే రాబోయే తరాల తలలన్నిటికీ మేలు. ఫారం తయారుచెయ్యండి."

అలా కమిటీ పడింది. అధ్యక్షులు జనరల్ మేనేజరు గారు, సభ్యులు కూర్మారావు గారు. నియమాలు రాసుకుని పైకి చదవడానికి నేను. సుభాషిణి గారిని బాధితవర్గ ప్రతినిధి హోదాలో పిలిచారు. ఆ వర్గంలో ఉన్నది ఆవిడ ఒక్కరే.

"నొప్పి తల మొత్తానికా అమ్మా?" అన్నారు అనంతరామయ్య గారు, ఎంతో దయగా.

"లేదండి. కుడివైపు సగానికి."

కూర్మారావు గారి కళ్ళు మెరిశాయి. "అనగా మిగతా సగం విధినిర్వహణకి అందుబాటులో ఉన్నట్టే కదండీ. కనుక అర్ధశిరస్సుకి అర్ధసౌకర్యం. పూర్తి సౌకర్యం ఇస్తే పనిచేస్తున్న సగానికి అనర్హమైన లబ్ధి చేకూర్చినట్టవుతుంది."

"న్యాయమే" అన్నారు అనంతరామయ్య గారు. నేను రాసుకున్నాను.

"ముందస్తు సమాచారం సంగతేమిటి? సెలవుకి మూడు రోజులు ముందు చెప్పాలి. మరి తలనొప్పికి?" అన్నారు కూర్మారావు గారు.

"వచ్చే ముందు ఇరవై నిమిషాలు కళ్ళముందు మెరుపులు కనపడతాయండి. అంతకుముందు నాకే తెలీదు" అన్నారు సుభాషిణి గారు.

"ఇరవై నిమిషాలు చాలానే ఉందమ్మా! ఆ వ్యవధిలో ఫారం నింపి మూడు ప్రతుల్లో సమర్పించవచ్చు."

"అప్పుడు అక్షరాలు కనపడవండీ."

"సగం కనపడతాయని మీరే చెప్పారు కదమ్మా" అన్నారు కూర్మారావు గారు. నేను అదీ రాసుకున్నాను.

తర్వాత కుడి అంటే ఎవరి కుడి అన్న చర్చ వచ్చింది. ఉద్యోగి కుడివైపు నొప్పి, ఎదురుగా కూర్చున్న అధికారికి ఎడమవైపు నొప్పిగా కనిపిస్తుంది. రేపు ఆడిట్‌లో చిక్కు. గంటన్నర తర్జనభర్జన పడి, ఐదో పేజీలో తల బొమ్మ ఒకటి వెయ్యాలనీ, బొమ్మకి ముఖం ఉండకూడదనీ, ఉంటే ఫలానా ఉద్యోగి పోలికలున్నాయన్న ఆరోపణ రావచ్చనీ తీర్మానించారు. వంశపారంపర్యమైతే తల్లిదండ్రుల తలనొప్పికి ధ్రువపత్రం జతచెయ్యాలి. చివరి పేజీలో, నొప్పిని స్వయంగా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు.

మొత్తం పద్నాలుగు పేజీలు. ఫారం నంబరు రెండువందల పన్నెండు. కాగితం పొదుపు కోసం అతిచిన్న అచ్చులో కంపోజు చేశారు. ప్రూఫు తీశారు. ప్రూఫు ఎక్కడికి వస్తుంది? మా టేబులు మీదికే.

సుభాషిణి గారు ఆ కట్టను చూసి, పైన కొట్టుకుంటున్న ట్యూబును చూసి, పెన్ను మూత తీశారు. నేను మొదలుపెట్టాను. "ఒకటి చుక్క, నొప్పి స్వభావము, బ్రాకెట్, పోటు గీత సలుపు గీత లాగుట గీత ఇతరములు, బ్రాకెట్ ముగింపు." మూడో పేజీ దాటేసరికి ఆవిడ చెయ్యి కన్ను మీదికి వెళ్ళింది. "మెరుపులు వచ్చేశాయండీ" అన్నారు. ఆ రోజుకి అంతే.

మర్నాడు నాలుగో పేజీ. అటు మర్నాడు సెలవు. నేను గొంతు తగ్గించాను. ఇంకా తగ్గించాను. చివరికి నేను చదువుతుంటే పక్క సెక్షనువాళ్ళు ఏదో మంత్రజపం చేయిస్తున్నామనుకున్నారు. ఎంత తగ్గిస్తే ఏం లాభం, పైనున్నది తగ్గదు కదా. రెండో ప్రూఫులో కూర్మారావు గారు నాలుగు నిబంధనలు కొత్తగా చేర్చారు, మళ్ళీ మొదటికొచ్చింది. డిసెంబరు పోయింది, జనవరి పోయింది.

ఒకరోజు నేనుండబట్టలేక కూర్మారావు గారి దగ్గరికి వెళ్ళాను. "సార్, ఈలోగా ఆవిడ దగ్గర మామూలు దరఖాస్తు తీసుకోకూడదాండి?"

"ఫారం ఆమోదం పొందకుండా దరఖాస్తు ఎలా తీసుకుంటామయ్యా?"

"ఆమోదం ఎప్పుడొస్తుందండి?"

"ప్రూఫు అయ్యాక."

"ఆవిడ తలనొప్పి తగ్గితే గాని ప్రూఫు అవదండి. లైటు తీస్తే గాని తలనొప్పి తగ్గదండి."

"దానికి దరఖాస్తు పెట్టుకోమను" అన్నారాయన. చిరాకు పడలేదు. దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు మెల్లగా చెప్పారు.

ఎలాగైతేనేం, మార్చి మొదటివారానికి ప్రూఫు ముగిసింది. మార్జిన్లలో నలభై ఒక్క ప్రశ్నార్థకాలు. అన్నిటికీ కలిపి పైనుంచి ఒకటే జవాబు వచ్చింది, కాపీ ప్రకారమే అని. ఫారం అచ్చయింది. మొదటి ప్రతిని అనంతరామయ్య గారు స్వయంగా సుభాషిణి గారికి అందించారు, ఫొటో తీశారు. ఫ్లాషు వెలుగుకి ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఫొటోలో అది కృతజ్ఞతలా వచ్చింది.

ఆవిడ పద్నాలుగు పేజీలూ మూడు ప్రతుల్లో నింపారు. సాక్షులుగా నేనూ, మస్తానూ సంతకాలు పెట్టాం. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. మా ఆఫీసులో అంత వేగం నేనెన్నడూ చూడలేదు. జనరల్ మేనేజరు గారు, కూర్మారావు గారు, నిచ్చెన మోసుకుని మస్తాన్, అందరూ మా టేబులు చుట్టూ చేరారు. కూర్మారావు గారు చదివారు: "అర్ధశిరోవేదనకు అర్ధసౌకర్యము అను సూత్రము ననుసరించి, సదరు ఉద్యోగి సీటుపై గల రెండు ట్యూబులలో ఒకటి తొలగించుటకు అనుమతి ఇవ్వడమైనది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకటి చాలు కదా, కొట్టుకునేది ఒకటే కదా. మస్తాన్ నిచ్చెన ఎక్కి దానిమీద చెయ్యి వేశాడు.

"ఆగాగు! అది పనిచేసే ట్యూబా, పనిచెయ్యని ట్యూబా?" అన్నారు కూర్మారావు గారు.

"కాసేపు చేస్తదండి, కాసేపు చెయ్యదండి."

"పనిచెయ్యనిదైతే నిరుపయోగ ధ్రువపత్రం కావాలి. ఇది అప్పుడప్పుడు వెలుగుతోంది కనుక నిరుపయోగం అనడానికి వీల్లేదు. పోనీ సక్రమస్థితిలో ఉందని స్టోరుకి జమ చేద్దామా అంటే, అప్పుడప్పుడు వెలగట్లేదు."

అనంతరామయ్య గారు గెడ్డం నిమురుకున్నారు. "మరి మార్గాంతరం?"

"పక్కదాన్ని తీయించవచ్చండి. అది నిస్సందేహంగా సక్రమస్థితిలో ఉంది."

మస్తాన్ కిందికి చూశాడు. సుభాషిణి గారిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత ఆర్డరు ప్రకారం బుద్ధిగా వెలుగుతున్న ట్యూబును ఊడదీసి, రెండు చేతులా పట్టుకుని దిగాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు అనంతరామయ్య గారు. నిజంగానే ఆత్రంగా అడిగారాయన, ఆ మనిషిలో చెడ్డతనం లేదు. ఆవిడ "దయ ఉంచారండి" అన్నారు. ఇన్నాళ్ళూ పక్కదాని నిలకడ వెలుగులో కాస్త కలిసిపోయిన మినుకు, ఇప్పుడు ఒంటరిగా టేబులు మీద చిందులేస్తోంది. వాళ్ళు వెళ్ళగానే ఆవిడ సొరుగు తీసి ఉత్తరం పైన పెట్టుకున్నారు. "ముప్ఫై ఒకటి అని తేదీ వేస్తానండీ" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఈలోగా మా విజయం నివేదిక హెడ్డాఫీసుకి చేరింది. జాయింట్ డైరెక్టరు ప్రసూనాదేవి గారు స్వయంగా చూడడానికి మార్చి ముప్ఫైన వస్తున్నారని కబురొచ్చింది. ఆఫీసంతా కళకళలాడింది. "సౌఖ్య సంవత్సరం – శిరోవేదన రహిత కార్యాలయం" అని పెద్ద బ్యానరు రాయించారు. హాలు మొత్తంలో అది పట్టే చోటు మా కిటికీయే. కట్టేశారు. దాంతో ఆ మూలకి ఉన్న వెలుతురు ఒకటే, పైన కొట్టుకుంటున్న ట్యూబు.

ప్రసూనాదేవి గారు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. ఫారం ఎంత సులువుగా నింపవచ్చో చూపించడానికి అనంతరామయ్య గారు సుభాషిణి గారి కుర్చీలోనే కూర్చుని, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. కూర్మారావు గారు పక్కన నిలబడి తలాడిస్తున్నారు. నేనూ సుభాషిణి గారూ గోడవారగా నిలబడ్డాం.

నాలుగో పేజీ దాకా గొంతు ఖంగుమంది. ఆరో పేజీలో కళ్ళు నులుముకున్నారు. తొమ్మిదో పేజీలో ఒకే పంక్తి రెండుసార్లు చదివి ఆగి, "కూర్మారావు గారూ, ఈ అక్షరాలు కదులుతున్నాయేమిటండీ?" అన్నారు. కూర్మారావు గారు వంగి చూసి, అక్షరాలు నిబంధనల ప్రకారమే ఉన్నాయని చెప్పారు. పన్నెండో పేజీకి వచ్చేసరికి అనంతరామయ్య గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. కుడి అరచెయ్యి కన్ను మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి అలా వెళ్ళడం నాకు బాగా తెలుసు.

"తీసెయ్యవయ్యా ఆ లైటు!" అని అరిచారు.

మస్తాన్ ఓ అడుగు ముందుకేసి ఆగాడు. "ఫారమండి?"

"ఫారమేంటయ్యా, ఇక్కడ తల పగిలిపోతుంటే!"

మస్తాన్ నిచ్చెన వేసి, ఎక్కి, ట్యూబును మెలితిప్పి దింపాడు. నిమిషం కూడా పట్టలేదు.

సుభాషిణి గారు వెళ్ళి బ్యానరు ఒక మూల విప్పి కిటికీ రెక్క తీశారు. చేతిగుడ్డ తడిపి ఆయన నుదుటి మీద వేశారు. అందరినీ చెయ్యి ఊపి దూరం పొమ్మన్నారు, జాయింట్ డైరెక్టరు గారితో సహా. "కళ్ళు మూసుకోండి సార్. మాట్లాడకండి. కాసేపట్లో సర్దుకుంటుంది" అన్నారు చాలా మెల్లగా. ఆయన తల వెనక్కి వాల్చి కూర్చున్నారు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే అడిగారు.

"మీకు... రోజూ ఇలాగేనా అమ్మా?"

"నెలకి ఐదారుసార్లండి, పదకొండేళ్ళుగా."

"ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"చెప్పానండి, మూడు ప్రతుల్లో" అన్నారు సుభాషిణి గారు. వెటకారం లేదు, అడిగినదానికి జవాబు చెప్పారంతే. ప్రసూనాదేవి గారు తన పుస్తకంలో ఏదో రాసుకోబోయి పెన్ను మూసేశారు.

మర్నాడు పాపం కూర్మారావు గారు భోజనం కూడా సరిగా చెయ్యలేదు. ఫారం రెండువందల పన్నెండు లేకుండా ట్యూబు తొలగింపు జరిగింది. మెమో ఇవ్వాలి. మస్తాన్‌కి ఇద్దామంటే ఆజ్ఞ ఇచ్చింది జనరల్ మేనేజరు. జనరల్ మేనేజరుకి ఇద్దామంటే సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే. చివరికి మూడు గంటలకి ఆయన ముఖం విప్పారింది. నోట్ ఫైలు రాసి తీసుకెళ్ళారు: "దరఖాస్తు లేనిదే తొలగింపు జరుగుటకు అవకాశము లేనందున, తొలగింపు జరగలేదనియు, సదరు రెండవ ట్యూబు యథాస్థానమున వెలుగుచున్నదనియు భావించవచ్చును."

అనంతరామయ్య గారు "భావించవచ్చును" కొట్టేసి "భావించవలెను" అని రాసి సంతకం పెట్టారు. అసలు ట్యూబు మస్తాన్ గదిలో బీరువా వెనక, పాత బనీనులో చుట్టి ఉంది.

ఆ సాయంత్రం ఐదింటికి, మార్చి ముప్ఫై ఒకటి కదా, నేను సొరుగు వంక చూడకుండా చూస్తున్నాను. ఆవిడ ఉత్తరం తీశారు. తిప్పి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట మర్నాడు చూడాల్సిన ప్రూఫుల జాబితా రాసుకున్నారు. తర్వాత తలెత్తి నాకేసి చూశారు, చెయ్యి అడ్డం లేకుండా, రెండు కళ్ళతోనూ. "మీ కళ్ళజోడు కాడకి దారం కట్టుకున్నారేమిటండీ?" అన్నారు. ఆ దారం కట్టి నాలుగేళ్ళయింది.

నొప్పి పూర్తిగా పోయిందని నేను చెప్పను. నెలకి ఒకసారో రెండుసార్లో వస్తూనే ఉంది, డాక్టరు కూడా పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. ఫారం రెండువందల పన్నెండుని మాత్రం ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఒక్క దరఖాస్తూ రాకపోవడం చూసి, తలనొప్పులు సమూలంగా నిర్మూలించారని హెడ్డాఫీసువాళ్ళు మా యూనిట్టుకి షీల్డు ఇచ్చారు. అది కూర్మారావు గారి టేబులు మీద తళతళలాడుతోంది.

ఏప్రిల్లో వార్షిక స్టాకు జాబితా అచ్చుకొచ్చింది. అదీ మా దగ్గరే ప్రూఫు చూడాలి. కిటికీలోంచి వెలుతురు టేబులు మీద తిన్నగా పడుతోంది. నేను చదువుతున్నాను. కుర్చీలు, బీరువాలు, నీళ్ళకుండలు అన్నీ అయ్యాయి.

"ప్రూఫ్ రీడింగు సెక్షను, గీత, ట్యూబ్ లైట్లు, రెండు, కామా, స్టోరుకి జమ, ఒకటి, కామా, యథాస్థానమున వెలుగుచున్నది, ఒకటి, చుక్క."

ఆవిడ ఎర్రపెన్ను ఆగింది. తలెత్తి పైకి చూశారు. ఖాళీ పట్టీ, దాని కొసన ఓ చిన్న సాలెగూడు. చాలాసేపు చూశారు. ఇరవై మూడేళ్ళ అలవాటుతో పెన్ను మార్జిన్లోకి జరిగింది.

"కాపీలో అలాగే ఉందాండీ?" అన్నారు.

"అలాగే ఉందండి."

"అయితే సరే, తర్వాతది చదవండి" అన్నారు, మార్జిను ఖాళీగా వదిలేసి.